పశువునకు కాలు చేయు చదువు



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన ఉద్దానపు కొబ్బరిని, జీడితోటలను నేలగూల్చిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆనాడు రావివలస సభ్యు డొకని సాలపై కొబ్బరిచెట్టు పడి, పెయ్యదూడ ముందుకాలు గిట్టకు పైగా నుగ్గయ్యెను. పశువైద్యుడు నలిగిన భాగమును తీసివైచి ప్రాణము నిలిపెను. పుండును మానెను. కాని బరువంతయు మోసి మోసి రెండవ ముందుకాలు వంగిపోయెను. నాలుగు నెలలకు పెయ్య లేవలేక చనిపోయెను.

నాడు దానికి గడ్డి వేసిన పిల్లవాడు ఇప్పుడు పదవ తరగతి ముగించి మాయొద్దకు వచ్చి, “మాస్టారూ, పశువుకు కాలు చేసే చదువు ఏదండీ?” అని అడిగెను. వెంట వచ్చిన తండ్రి, “దానివల్ల కూడు పుడుతుందా బాబూ?” అనెను. రెండును తగిన ప్రశ్నలే.

ఆ చదువు కలదు. వైద్యమున కక్కరకు వచ్చు యంత్రములను, పరికరములను రూపొందించు విద్యను బయోమెడికల్ ఇంజనీరింగు అందురు. ఎక్స్‌రే, చూలు చూచు అల్ట్రాసౌండు, కృత్రిమావయవములు ఇవన్నియు దాని పరిధిలోనివే. జయపురమున 1968లో శిల్పి రామచంద్రశర్మయు, వైద్యుడు పి. కె. సేఠీయు కలిసి మనుష్యులకు చౌకైన కృత్రిమపాదము చేసిరి. ఆ నగరముననే పశువైద్యుడు తపేశ్ మాథుర్ 2014లో కృష్ణ యను దూడకు కాలు అమర్చెను.

అయిన నిది సులభమైన పని కాదు. ఏల యనగా, ఒక ఆవు ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత 60 అంగుళములు, భుజము మొన మొదలు పిరుదు ఎముక వరకు పొడవు 50 అంగుళములు అనుకొనుడు. 60ని 60తో గుణించి, మరల 50తో గుణించి, 300తో భాగింపుడు. 600 పౌనులు, అనగా సుమారు 272 కిలోలు వచ్చును. నిలిచిన పశువు బరువులో సగముకంటె హెచ్చు ముందుకాళ్లపై నుండును. కావున ఒక్కొక్కటి 68 కిలోలకు మించి మోయవలెను. నడచునప్పుడు ఇంకను హెచ్చు. పైగా ఆవు లేచునప్పుడు వెనుకభాగమును ముందెత్తి, ముందు మోకాళ్లపై ఆనును. గుఱ్ఱము ముందుకాళ్లు చాచి లేచును. కావున ఒకదానికి చేసిన కాలు రెండవదాని కమరదు. సాలలో పశువును దినదినము చూచిన రైతుబిడ్డకు ఈ సంగతులు చిన్ననాటనే తెలియును. ఆ తెలివి వానికి పెట్టుబడి.

ఇక దారులు రెండు. గణితము, భౌతికశాస్త్రములపై మక్కువ గలవాడు ఇంటరు పిమ్మట నాలుగేండ్ల ఇంజనీరింగులో చేరవచ్చును. ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలోను, హైదరాబాదు ఐ.ఐ.టి.లోను ఈ శాఖ కలదు. జీవశాస్త్రముపై మక్కువ గలవాడు పశువైద్యము చదివి, పిమ్మట పరికరములవైపు తిరుగవచ్చును. అందుకు మనకు దగ్గరి కళాశాల విజయనగరము జిల్లా గరివిడిలో నున్నది.

తండ్రి ప్రశ్నకు నిజము చెప్పవలెను. పశువుల కాళ్లు మాత్రమే చేయు కొలువులు మిక్కిలి తక్కువ. కాని ఆసుపత్రి యంత్రములను నడుపుటకు, బాగుచేయుటకు, క్రొత్తవి చేయుటకు ఈ విద్య గలవారు కావలెను. విశాఖపట్టణములో 2018 డిసెంబరున ప్రారంభమైన మెడ్‌టెక్ జోనులో వైద్యపరికరముల కర్మాగారములు కలవు. ఆ పని కూడు పెట్టును. పశువుల పనికి చేతిని సిద్ధపరచును.

ఆ పిల్లవానికి మేమిచ్చిన మొదటి పాఠ మిది. ఇంటి ఆవును నెలకొకసారి టేపుతో కొలిచి, బరువు లెక్కకట్టి వ్రాయుము. అది లేచు తీరును బొమ్మ గీయుము. ఏ శాస్త్రముపై మనసు నిలుచునో ఆ పుస్తకమే చెప్పును. తండ్రికి మేము చెప్పిన దొక్కటే. వాడు సాలలో కూర్చుండి వ్రాయుచుండగా, పని మానెనని కసరవద్దు.