నాలుగవ అంచె

ఈత, సైకిలు, పరుగు అనే మూడింటిని ఒకదాని వెంట ఒకటిగా, ఒకే పందెంలో పూర్తిచేయవలసిన క్రీడను ట్రయథ్లాన్ అంటారు. దీర్ఘదూర ట్రయథ్లాన్లలో లోకప్రసిద్ధి పొందినది ‘ఐరన్‌మ్యాన్’. ఇందులో పోటీదారు మొదట 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకు చేరిన వెంటనే 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. ఆపైన 42.2 కిలోమీటర్లు పరుగెత్తాలి. సాధారణంగా ఇదంతా 17 గంటలలో ముగియాలి.

ఈ అంకెలను ఉత్తర తెలంగాణ నేల మీద పరచి చూసినప్పుడే వాటి బరువు తెలుస్తుంది. హైదరాబాదు నుండి కరీంనగర్‌కు రాజీవ్ రహదారి మీద దూరం సుమారు 160 కిలోమీటర్లు. సైకిలు అంచె అంతకంటె పొడవైనది. కరీంనగర్ నుండి వేములవాడ రాజన్న సన్నిధికి కాలినడకన పోయే భక్తుడు నడిచే దూరం కంటె పరుగు అంచె ఎక్కువ. అదీ విశ్రాంతిగా నిద్రలేచి మొదలుపెట్టే పరుగు కాదు. అప్పటికే ఈది, సైకిలు తొక్కి అలసిన కాళ్ళతో తీయవలసిన పరుగు.

ఈ పందెం పుట్టుకలోనే ఒక కుటుంబం ఉన్నది. అమెరికా నౌకాదళంలో అధికారిగా పనిచేసిన జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ 1974లో శాండియాగో నగరంలో జరిగిన ఒక చిన్న ట్రయథ్లాన్‌లో తమ ఇద్దరు పిల్లలతో కలిసి పాల్గొన్నారు. తరువాత ఆ దంపతులు హవాయి దీవులలో నివసిస్తున్నప్పుడు, ఈతగాడు, సైకిలు వీరుడు, పరుగువీరుడు – ఈ ముగ్గురిలో ఎవరిది గొప్ప దేహదారుఢ్యం అన్న వాదం తలెత్తింది. అక్కడ అప్పటికే వేరువేరుగా జరుగుతున్న మూడు పోటీలను ఒకటిగా చేర్చి తేల్చుకొందామన్న ఆలోచన నుండి 1978 ఫిబ్రవరి 18న తొలి ఐరన్‌మ్యాన్ జరిగింది. బరిలో దిగినవారు 15 మంది. గమ్యం చేరినవారు 12 మంది. విజేత గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో పందెం ముగించాడు. భారతదేశంలో ఇందులో సగం దూరం గల పందెం 2019లో గోవాలో మొదలైంది.

పందెం ఒక్కరోజుది. దానికి చేసే సాధన మాత్రం నెలల తరబడి సాగుతుంది. ఉద్యోగం చేసుకొంటూ సాధన చేసేవారు సాధారణంగా వారానికి పది గంటలకు పైగా దీనికి వెచ్చించవలసి వస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ పది గంటలు ఎక్కడి నుండి వస్తాయి? ఇదే అసలు ప్రశ్న. రోజుకు ఇరవైనాలుగు గంటలే. ఒకరు సైకిలు మీద గడిపే ఉదయం మరొకరు పిల్లలకు నీళ్ళు పోసి, అన్నం తినిపించి, బడికి పంపే ఉదయం అవుతుంది. పందెంలో కనిపించే మూడు అంచెల వెనుక కనిపించని నాలుగవ అంచె ఇల్లు. ఆ అంచెను ఎవరు మోస్తున్నారో గడియారం చెప్పదు.

ఈ విషయంలో సమాజం చూపు అందరి మీద సమానంగా పడదు. తెల్లవారుజామున తండ్రి పరుగుకు బయలుదేరితే “ఎంత పట్టుదల!” అంటారు. అదే పని తల్లి చేస్తే “పిల్లలను ఎవరు చూస్తున్నారు?” అని అడుగుతారు. ఈ ప్రశ్నకు కొందరు క్రీడాకారిణులు తమ జీవితాలతో సమాధానం చెప్పారు. అమెరికాకు చెందిన చెల్సీ సొడారో 2022 అక్టోబరులో హవాయిలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలలో విజేతగా నిలిచారు. అప్పటికి ఆమె కూతురి వయసు ఏడాదిన్నర. ఆ విజయం వెనుక వెలుగు మాత్రమే లేదు. ప్రసవానంతరం తనను పట్టి పీడించిన మానసిక ఆందోళనను గురించి ఆమె తరువాత దాచకుండా చెప్పారు. సహాయం కోరడం బలహీనత కాదని ఆమె అనుభవం తెలుపుతున్నది. మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా 2018లో తల్లి అయి, 2020 జనవరిలో టెన్నిస్‌కు తిరిగివచ్చి, తొలి పోటీలోనే హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలుచుకొన్నారు.

వీరు క్రీడనే వృత్తిగా చేసుకొన్నవారు. కరీంనగర్‌లోనో ఆదిలాబాదులోనో ఉద్యోగం, వ్యవసాయం, వ్యాపారం చేసుకొంటూ ఈ సాధనకు పూనుకొనేవారి స్థితి వేరు. వేసవిలో ఇక్కడి ఎండ తీవ్రత వలన పొద్దెక్కిన తరువాత పరుగు ప్రమాదకరం. చలికాలంలో ఆదిలాబాదు తెల్లవారుజాములు ఎముకలు కొరుకుతాయి. దిగువ మానేరు వంటి జలాశయాలలో తోడులేకుండా, అనుమతి లేకుండా ఈతకు దిగడం సాహసం కాదు, అవివేకం. ప్రతిదినం ఇంటికి క్షేమంగా చేరడం కూడా సాధనలో భాగమే.

కాబట్టి మొదటి ఒప్పందం భార్యాభర్తల మధ్య జరగాలి. వారంలో ఏ ఉదయాలు ఎవరివో ముందే నిర్ణయించుకోవాలి. ఒకరు సాధనకు ఎన్ని గంటలు తీసుకొంటారో, రెండవవారికి కూడా తమవంటూ అన్ని గంటలు దక్కాలి. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి తరువాత సాధన మానడం ఓటమి కాదు. నిద్రను కోసి గంటలు సంపాదించినవాడు చివరకు దేహానికీ ఇంటికీ బాకీపడతాడు. పిల్లలు మరీ చిన్నవారైతే సగం దూరం, అంతకంటె తక్కువ దూరం పందేలు ఉన్నాయి. పెద్ద పందెం మరుసటి ఏడు కూడా ఉంటుంది. బిడ్డ తొలి అడుగులు మాత్రం మరుసటి ఏడు రావు.

ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో ఏటా పుష్యమాసంలో నాగోబా జాతర జరుగుతుంది. దాని కొరకు మెస్రం వంశీయులు కాలినడకన పోయి గోదావరి జలం తెస్తారు. నడిచేవారు కొందరే. కాని ఆ జలంతో అభిషేకం జరిగినప్పుడు అది వంశమంతటి పూజ అవుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళకు కూడా ఆ జాతరలోనే దేవుని ఎదుట పరిచయం జరుగుతుంది. దీర్ఘదూర పందెంలో గమ్యరేఖ దాటిన తల్లి మెడలోనో తండ్రి మెడలోనో పడిన పతకం కూడా అటువంటిదే. దాటినది ఒక్కరే, చేరినది ఇల్లంతా. ఆ మాట ఇంట్లో అందరూ మనస్ఫూర్తిగా అనగలిగిననాడే ఆ పందెం నిజంగా పూర్తయినట్లు.

ప్రశ్నలు
1. ఐరన్‌మ్యాన్ పందెం ఎట్లా ఆరంభమైనది?
2. ‘నాలుగవ అంచె’ అనగానేమి? దానిని గడియారం ఎందుకు చెప్పదు?
3. సాధన చేసే తల్లిని, తండ్రిని సమాజం ఒకే విధంగా చూస్తున్నదా? మీ అభిప్రాయం తెలపండి.