సందేహాలు - సమాధానాలు: డీజిల్ కారు ఉన్నట్టుండి లాగడం లేదా?

ప్రశ్న: పిల్లలతో అరకు వెళ్తుంటే ఘాట్‌లో మా డీజిల్ కారు ఒక్కసారిగా లాగడం మానేసింది. ఎంత తొక్కినా వేగం అందుకోలేదు, ఇంజిన్ లైటు వెలిగింది. పక్కన ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే నడిచింది. ఇంజిన్ పోయినట్టేనా? మళ్లీ పిల్లల్ని ఎక్కించాలంటే భయంగా ఉంది.
- ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: కంగారు పడకండి. ఆఫ్ చేసి ఆన్ చేయగానే సర్దుకుందంటే ఇంజిన్ పోయి ఉండదనే అనుకోవచ్చు. టర్బో గాలి ఒత్తిడిలో తేడా కనిపిస్తే, ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా బండిలోని కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. కారణం మాత్రం లోపల అలాగే ఉంటుంది కాబట్టి, మళ్లీ ఘాట్ ఎక్కేముందు స్కానర్ పెట్టించి కోడ్ చూడమనండి: పి0299 వస్తే ఒత్తిడి చాలలేదని, పి0234 వస్తే మితిమీరిందని అర్థం. కోడ్ రాసుకునేదాకా బ్యాటరీ వైరు తీయనివ్వకండి, చెరిగిపోవచ్చు.

ప్రశ్న: గట్టిగా తొక్కితే బుస్సుమని శబ్దం, వెనక నల్ల పొగ, పికప్ ఉండదు. మెల్లగా పోతే ఏ ఇబ్బందీ లేదు. టర్బో మార్చాల్సిందేనంటున్నాడు మెకానిక్. అంత డబ్బు ఎక్కడి నుంచి తేను?
- ఓ పాఠకుడు, నరసరావుపేట

జవాబు: డబ్బు కోసం ఇప్పుడే పరుగెత్తకండి. మీరు చెప్పినదాన్నిబట్టి ముందు అనుమానించాల్సింది టర్బో నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు హోస్‌ని. అందులో సన్నటి చీలిక ఉంటే బండి ఆగి ఉన్నప్పుడు మూసుకుపోయి, ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే ఈ తంటా వస్తూ పోతూ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక హోస్‌ను వంచి, క్లిప్పుల దగ్గర, అడుగువైపు వేళ్లతో తడిమి చూడమనండి. ఆయిల్ జిడ్డుకు దుమ్ము అంటుకున్న చోటే చీలిక తరచూ దొరుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే సన్నటి వాక్యూమ్ పైపులు, ఆ తర్వాత మసి పట్టి బిగుసుకునే టర్బో రెక్కలు చూడాలి.

ప్రశ్న: మాది 2021 మోడల్. ఆఫీసు నాలుగు కిలోమీటర్లే. డీపీఎఫ్ లైటు వెలుగుతోంది, పికప్ తగ్గింది. ఇంత త్వరగా పాడైపోతుందా?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పాడైపోలేదు, మసి నిండిందంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లకు మసిని పట్టే ఈ ఫిల్టర్ తప్పనిసరి అయింది. పోగైన మసి కాలిపోవాలంటే అది బాగా వేడెక్కాలి, నాలుగు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో అంత వేడి రాదు. బండి మాన్యువల్‌లో చెప్పినట్టు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ ఇరవై నిమిషాలు నిలకడగా నడపండి. అప్పటికీ లైటు ఆరకపోయినా, ఇంజిన్ లైటు తోడైనా ఆలస్యం చేయకుండా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఫిల్టర్ పీకేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి, అది చట్టవిరుద్ధం.

ప్రశ్న: లారీని దాటబోతే ఒక్క క్షణం బండి కదలనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఇది ప్రమాదమా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ బండికి జబ్బేమీ లేదు. ఇంజిన్ తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడు టర్బోను తిప్పడానికి చాలినంత పొగ రాదు, కాబట్టి ఆ క్షణం ఆలస్యం సహజం. దాటే ముందే ఒక గేరు తగ్గించుకోండి. హైవే మీద ఒకే వేగంలో పోతున్నప్పుడు కూడా జర్కులిస్తూ పవర్ తగ్గుతుంటే మాత్రం డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, అందులో నీళ్లు చేరాయేమో చూపించండి.

ప్రశ్న: పవర్ తగ్గితే అలాగే నడుపుకుంటూ వెళ్లొచ్చా? ఎప్పుడు ఆపేయాలి?
- ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: పసుపు ఇంజిన్ లైటు ఒక్కటే వెలుగుతూ, శబ్దంలో మార్పు లేకపోతే ఎడమవైపున నెమ్మదిగా దగ్గర్లోని వర్క్‌షాపు దాకా వెళ్లొచ్చు. ఎర్ర ఆయిల్ లైటు, ఇంజిన్ వేడెక్కడం, ఇనుము రాసుకుంటున్న శబ్దం, దట్టమైన నీలి పొగ - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి, బండిని లాగించుకునే వెళ్లండి. ముందు కోడ్, తర్వాత పైపులు, ఆఖరున టర్బో. ఈ వరస తప్పించి ఎవరు ఖర్చు చెప్పినా ఒప్పుకోకండి.