పెళ్లిచూపుల తేదీ, నెలసరి లెక్క

ప్రశ్న: మాది షాలిమార్. విశాఖలో పెళ్లిచూపులకు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లొచ్చాం. అబ్బాయి నచ్చాడు. అండం విడుదలయ్యే రోజుల్లో ఆడవాళ్లకు మగసిరి ఉట్టిపడే ముఖాలే నచ్చుతాయట కదా! ఆరోజు నాకు పద్నాలుగో రోజు. నా ఇష్టం నిజమేనా డాక్టర్‌గారూ?

జవాబు: చూడమ్మా, నువ్వు చదివింది ఎవరో గాలిలోంచి పుట్టించింది కాదు. 1999లో పెంటన్-వోక్ బృందం ‘నేచర్’ పత్రికలో ఆ మాటే రాసింది. కానీ అలాంటి తొలి పరిశోధనల్లో చాలావాటికి ఆధారం క్యాలెండర్ లెక్కే. అక్కడే చిక్కంతా. అండం విడుదలయ్యేది అందరికీ పద్నాలుగో రోజున కాదు, రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. 35 రోజుల చక్రమైతే అది ఇరవై ఒకటో రోజు దగ్గర పడుతుంది. నీ చక్రం ఎన్ని రోజులో నువ్వు రాయనేలేదు!

2014లో పాత ఫలితాలన్నీ కలిపి చూసిన రెండు సమీక్షలు వచ్చాయి. ఒకటి అవునంది, ఒకటి కాదంది. 2018లో గ్లాస్గో పరిశోధకులు 584 మంది స్త్రీల లాలాజలంలో హార్మోన్లు కొలిచారు. హార్మోన్లు మారినప్పుడల్లా ముఖాల ఎంపిక మారుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఆ రోజుల్లో కొందరికి కోరిక కాస్త పెరగవచ్చు. అది వేరే సంగతి.

పైగా పెళ్లిచూపుల్లో నువ్వు చూసింది ఆ పరిశోధనల్లోలా కంప్యూటర్‌లో దిద్దిన దవడను కాదుగా! అతని మాట, నవ్వు, మీ అమ్మగారితో మాట్లాడిన తీరు కూడా చూశావు. సందేహం తీరకపోతే ఇంకో వారం ఆగి మళ్లీ ఫోన్‌లో మాట్లాడు. అప్పుడూ నచ్చితే తేదీల సంగతి పురోహితుడికి వదిలెయ్యి.