టమాటా జన్యువు మౌనం వహిస్తే...



సూరత్‌కు బదిలీపై వచ్చిన కొత్తలో డుమాస్ సముద్రతీరానికి వెళ్లాను. అక్కడ బండి మీద వేడివేడిగా టమాటా బజ్జీలు వేస్తున్నారు. మిరపకాయ బజ్జీ తెలుసు, వంకాయ బజ్జీ తెలుసు, టమాటా బజ్జీ మాత్రం నాకూ కొత్తే! బండి ఆయన ‘టామెటా’ అన్నాడు. మా అమ్మమ్మ రామములక్కాయ అనేది. మదనపల్లె దగ్గర సేద్యం చేసే మా పెదనాన్న తక్కాళి అంటాడు. ఊరు మారితే పేరు మారింది కాని పండు ఒక్కటే.

ఒక ఏడాది మా పెదనాన్న తోటలో టమాటా ఆకులు ముడుచుకుపోయి పసుపెక్కాయి. మొక్కలు గిడసబారాయి. చేనంతా పోయినా గట్టు వారన నాలుగు మొక్కలు మాత్రం పచ్చగా నిలిచాయి. “వీటికి ఏముందమ్మా, వాటికి లేనిది?” అని ఆయన నన్ను అడిగాడు. తెలుగు పాఠాలు చెప్పే నా దగ్గర ఆ రోజు జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

తెగులు సంగతి

దీన్ని ఆకుముడత తెగులు అంటారు. మన దేశంలో దీనికి కారణమయ్యే వైరస్‌లలో ముఖ్యమైన ఒకదాని పేరు ‘టొమాటో లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్’. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి మరో మొక్క మీద వాలినప్పుడు ఈ వైరస్ పాకుతుంది. మందు కొడితే దోమ చస్తుంది కాని, మొక్క లోపలికి చేరిన వైరస్ చావదు. అందుకే తెగులును తట్టుకునే రకాలు కావాలి.

ఆ నాలుగు మొక్కలు దోమ వాలక తప్పించుకున్నాయా, లేక వాటి లోపలే బలం ఉందా? బలమే ఉంటే అది ఏ జన్యువుది? టమాటాలో సుమారు 35 వేల జన్యువులు ఉన్నాయి. ఒక్కొక్కదాని పని తెలుసుకోవడం ఎలా?

లేనప్పుడు తెలిసే విలువ

మీ తరగతిలో ఒక నేస్తం తండ్రికి బదిలీ అయి వెళ్లిపోయాడనుకోండి. మరునాడు నల్లబల్ల తుడిచి లేదు, కుండీలకు నీళ్లు పోసి లేవు. అప్పుడు గాని ఆ పనులు రోజూ ఎవరు చేసేవారో మీకు తెలియదు. జన్యువు విషయంలోనూ అంతే. దాన్ని కొన్నాళ్లు పని చేయకుండా ఆపి, మొక్కకు ఏ లోటు వచ్చిందో చూస్తారు. దీన్నే జన్యు మౌనీకరణ అంటారు.

జన్యువు తన ఆదేశాన్ని ఆర్‌ఎన్‌ఏ అనే చీటీ మీద రాసి పంపుతుంది. ఆ చీటీని చదివి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. మౌనీకరణలో జన్యువు చెక్కుచెదరదు, చీటీ మాత్రం దారిలోనే చిరిగిపోతుంది.

చింపేది ఎవరు? మొక్కే! చాలా వైరస్‌లు పెరిగేటప్పుడు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఏర్పడుతుంది. మొక్కలోని డైసర్ అనే ఎంజైములు దాన్ని 21 నుంచి 24 అక్షరాల చిన్న ముక్కలుగా కత్తిరిస్తాయి. ఆ ముక్కలు పోలీసు చేతిలోని ఫోటోల వంటివి. వాటితో సరిపోలిన చీటీ ఎక్కడ కనబడినా కణం దాన్ని తునకలు చేస్తుంది. ఇలాంటి మౌనీకరణ జంతువుల్లోనూ ఉంది. పురుగుల్లో జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఇలా పనిచేస్తుందని 1998లో చూపిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలోలకు 2006లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొక్కకున్న ఈ అలవాటునే శాస్త్రజ్ఞులు వాడుకుంటారు. టొబాకో రాటిల్ వైరస్ అనే మరో వైరస్‌ను మార్చి, అందులో టమాటా జన్యువు ముక్క ఒకటి అతికిస్తారు. ఆగ్రోబ్యాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా సాయంతో, సూది లేని సిరంజితో దాన్ని లేత ఆకులోకి ఎక్కిస్తారు. మొక్క ఆ వైరస్‌ను తరుముతూ, దానితో పోలిక ఉన్న తన సొంత చీటీలనూ చింపేస్తుంది.

పద్ధతి పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? పక్కన కొన్ని మొక్కల్లో పీడీఎస్ అనే జన్యువును ఆపుతారు. అది ఆగితే ఆకుకు ఎండ నుంచి కాపు ఇచ్చే రంగు పదార్థాలు తయారు కావు. పత్రహరితం నశించి ఆకు తెల్లబడుతుంది. కొన్ని మొక్కలకు టమాటా ముక్క లేని వైరస్‌నే ఇచ్చి, పోల్చి చూడటానికి ఉంచుతారు.

ఢిల్లీలో జరిగిన పరిశోధన

ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థలో మనోజ్ ప్రసాద్ బృందం ఆకుముడతను తట్టుకునే ‘హెచ్-88-78-1’ అనే టమాటా రకాన్ని తీసుకుంది. వైరస్ సోకినప్పుడు అందులో ఆర్‌పీటీ4 అనే జన్యువు పనితీరు మారడం గమనించింది. ఆ జన్యువును ఈ పద్ధతిలో మౌనం చేయగా, తట్టుకునే రకం కాస్తా తెగులుకు లొంగిపోయింది. అంటే ఆ రకం బలానికి ఈ జన్యువు అవసరమన్నమాట. 2016లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇందులో ఒక వింత ఉంది. ఆర్‌పీటీ4 ప్రొటీన్, కణంలో అక్కరలేని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రంలో ఒక భాగం. ఆ పనితో పాటు అది వైరస్ డీఎన్‌ఏను పట్టుకుని, వైరస్ తన చీటీలు రాసుకోకుండా అడ్డుపడుతుందని కూడా ఈ బృందం కనుగొంది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. జన్యువు మౌనంగా ఉన్న ఈ మొక్కలు పొలానికి పనికొచ్చే కొత్త రకాలు కావు, పరీక్ష కోసం పెంచినవి. అన్ని ఆకుల్లోనూ మౌనం ఒకేలా ఉండదు కూడా. ఏ జన్యువు కాపలా కాస్తోందో తెలిస్తే, దాన్ని గుర్తుగా పెట్టుకుని మేలైన రకాలను ఎంచుకోవచ్చు. ఆ పని ఇంకా సాగాలి.

ఈసారి మా పెదనాన్నకు ఫోన్ చేసినప్పుడు, “నీ ప్రశ్న మంచిదే పెదనాన్నా, ఢిల్లీలో కూడా అదే అడిగారు” అని చెప్పాను. ఆయన నవ్వి, “జవాబు విత్తనంలోకి ఎప్పుడొస్తుందో అడుగు” అన్నాడు. మీలో ఎవరైనా పెద్దయ్యాక ఆయనకు జవాబు చెప్పాలని నా కోరిక.

ఆలోచించి రాయండి

1. తట్టుకునే మొక్కలో ఒక జన్యువును ఆపినా తెగులు రాలేదు. దీన్నిబట్టి ఏమి చెప్పవచ్చు?
2. టమాటా ముక్క లేని వైరస్‌ను కొన్ని మొక్కలకు ఎందుకు ఇస్తారు?
3. మీరు ఇంతవరకు ఉన్న ఊళ్లలో టమాటాను ఏమేమి పేర్లతో పిలిచేవారో రాసి తరగతిలో చదవండి.