మెహ్రౌలిలో బావియు దేవాలయమును

పాఠ్యభాగము: యోహాను 5:1–14

ఢిల్లీకి దక్షిణముననున్న మెహ్రౌలి ఒకప్పుడు గ్రామము. అక్కడి తెలుగు సంఘములవారు కలిసి చూడదగినది, 1928లో కట్టబడిన సెయింట్ జాన్స్ దేవాలయము. ద్వారమునకు మసీదు తీరు కమాను, పైన గుడిని తలపించు ఛత్రి, దానిపై సిలువ. ఇది మన ఆరాధనస్థలమేనా అని కొందరు సందేహించినను తప్పులేదు.

ఆ ఊరిలోనే గంధక్ కీ బావోలీ అను ఐదంతస్తుల మెట్లబావి ఉన్నది. 13వ శతాబ్దములో సుల్తాన్ ఇల్తుత్మిష్ కట్టించినదందురు. దాని గంధకపు నీరు చర్మరోగములను మాన్పునని జనుల నమ్మకము. నవ్వి దాటిపోవుట సులభమే. గాని బేతెస్ద కోనేటికిని ఐదు మంటపములుండెను, రోగులు గుంపులుగా కనిపెట్టుకొనియుండిరి.

వారిలో 38 ఏండ్ల వ్యాధిగ్రస్థుని మొర నీటిని గూర్చినది కాదు. తన్ను దించుటకు మనిషి లేడనియే. ప్రభువు ఆ నీటిని దూషింపలేదు, వానిని అందులో దింపనూ లేదు, మాటతోనే లేపెను. విచిత్రమేమనగా, తన్ను బాగుచేసినదెవరో వాడెరుగడు. తరువాత యేసే వానిని దేవాలయములో కనుగొనెను.