ఏడు బట్టలు, పన్నెండు జతలు

ప్రశ్న: బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేస్తున్నాను. మెషిన్ కుట్టడం వచ్చు. ఒకదానికొకటి నప్పేలా ఆఫీసు బట్టలు ఇంట్లోనే కుట్టుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు రంగులు తేల్చుకోండమ్మా, తర్వాతే గుడ్డ కొనండి. నేవీ బ్లూ, గంధం రంగుల్లో 2 ప్యాంట్లు, రెండింటి మీదా నప్పే 3 కుర్తాలు, 2 చున్నీలు చాలు. అన్నీ కలిస్తే 12 జతలు.

మన ఉక్కపోతకు నూలే హాయి. రెండు కుర్తాలకు మంగళగిరి చేనేత తీసుకోండి. దాని నిజాం అంచు చేతులకు వచ్చేలా కత్తిరిస్తే వేరే లేసు అక్కర్లేదు. మూడోదానికి పెడన అచ్చు కలంకారీ బాగుంటుంది. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లేటప్పుడు ప్యాంటు గుడ్డ ముక్క వెంట తీసుకెళ్లి, పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి. 44 అంగుళాల పన్నా అయితే కుర్తాకు రెండున్నర మీటర్లు సరిపోతుంది.

కత్తెర పెట్టకముందే గుడ్డను రాత్రంతా నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయండి. లేదంటే మొదటి ఉతుకులోనే కుర్తా పొట్టవుతుంది. కలంకారీని మాత్రం విడిగా నానబెట్టండి, రంగు దిగవచ్చు.

పాత దుప్పటితో ఒక నమూనా కుట్టి, అది వేసుకుని కుర్చీలో కూర్చోండి, చేతులు ముందుకు చాచండి. చంకల దగ్గర, తుంటి దగ్గర పట్టేస్తే వదులు చేసి, ఆ కొలతలు కాగితం మీద గీసుకోండి. మూడు కుర్తాలకూ అదే కాగితం, మెడ మాత్రం మార్చండి. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలండి. కుడివైపు ఫోను పట్టే జేబు తప్పక పెట్టండి.

మొదట ఒక జత పూర్తి చేసి, వారం రోజులు వేసుకుని తిరగండి. ఒంటికి సుఖంగా ఉందనిపించాకే మిగతావి కత్తిరించండి.