పట్టణపు మురుగు మడ్డి: ముందు వాయువు, తరువాత ఎరువు

పెంట లేనిదే పంట లేదను సంగతి మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. పశువుల పేడ, ఇంటి కసవు, గొఱ్ఱెల మంద - వీనిలో దేనిని గాని వృథాగా పోనీయని అలవాటు మన సీమలో తరతరములుగా నున్నది. అయితే పట్టణములలో పుట్టు పెంటలో ఎక్కువ భాగము మాత్రము కాలువల పాలగుచున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములు పెరిగినకొలది ఈ మురుగును పెరుగుచున్నది. దీనినుండి మండు వాయువును తీయవచ్చును. తీసిన తరువాత మిగిలినదానిని ఎరువుగా వాడవచ్చును. కాని దానిని పచ్చిగా, పరీక్ష లేక పొలములో వేసిన యెడల మేలునకు బదులు కీడు కలుగును. ఈ మేలును, ఈ కీడును రైతులు చక్కగా తెలిసికొనవలెను.

మడ్డి యనగా నేమి?

మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రములో నీటిని పెద్ద తొట్లలో నిలువ ఉంచుదురు. బరువైన పదార్థము అడుగునకు దిగును. దీనినే మడ్డి యందురు. తరువాత నీటిలోనికి గాలి నూదినప్పుడు సూక్ష్మజీవులు పెరిగి, అవియును అడుగున చేరి మరికొంత మడ్డి యగును. చూచుటకు చిక్కగా కనబడినను పచ్చి మడ్డిలో నూటికి 95 పాళ్లకు పైగా నీరే యుండును. మిగిలిన కొద్దిపాటి ఘనపదార్థములోనే వాయువును, ఎరువును దాగియున్నవి.

వాయువు ఎట్లు పుట్టును?

ఈ మడ్డిని గాలి చొరని మూసిన తొట్టిలో 20 నుండి 30 దినములు ఉంచవలెను. అందులో రెండు తెగల సూక్ష్మజీవులు పనిచేయును. మొదటి తెగ మడ్డిని కుళ్లించి ఆమ్లములుగా మార్చును. రెండవ తెగ ఆ ఆమ్లములను తిని మీథేన్ అను మండు వాయువును విడుచును. మొదటి తెగ మొండిది, రెండవది సుకుమారమైనది. తొట్టిలో పులుపు ఎక్కువైనను, చలి తగిలినను, రసాయనిక విషములు చేరినను రెండవ తెగ నశించి వాయువు ఆగిపోవును.

ఈ జీవులకు 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి మిక్కిలి అనుకూలము. చలిదేశములలో పుట్టిన వాయువులో కొంత భాగమును తొట్టిని వెచ్చచేయుటకే ఖర్చుచేయుదురు. మన కడప ఎండలకు ఆ బాధ చాలవరకు లేదు. వేసవిలో మనలను మాడ్చు ఎండయే ఈ పనికి సాయపడును.

వచ్చిన వాయువులో నూటికి 60 నుండి 65 పాళ్లు మీథేన్, మిగిలినదానిలో ఎక్కువ భాగము బొగ్గుపులుసు వాయువు ఉండును. కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడు కూడ కలిసియుండును. కుళ్లిన గ్రుడ్డు వాసన దీనిదే. ఇది ఇంజనులను తుప్పు పట్టించును గనుక వాయువును ముందుగా ఇనుపరజను గుండా పంపి శుభ్రము చేయుదురు.

ఇది క్రొత్త సంగతి కాదు

ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున 1895 ప్రాంతములో డొనాల్డ్ కామెరాన్ అను ఇంజనీరు సెప్టిక్ ట్యాంకు నిర్మించి, అందు పుట్టిన వాయువుతో దీపములు వెలిగించెను. మన దేశమున 1897లో బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమములో ఇట్టి ప్రయత్నము జరిగెను. పేడనుండి వాయువు తీయు పనిని 1939లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. వి. దేశాయిగారు పరిశీలించిరి. 1951లో జశ్‌భాయి పటేలుగారు తేలెడు ఇనుప డ్రమ్ము గల "గ్రామలక్ష్మి" నమూనాను రూపొందించిరి. తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషను దానిని పల్లెలకు చేర్చెను. 1984లో ఇటుకల గుమ్మటము గల "దీనబంధు" నమూనా వచ్చి ఖర్చు తగ్గెను.

పట్టణముల విషయమునకు వచ్చిన, సూరతు నగరపాలక సంస్థ 2003లో అంజనా శుద్ధి కేంద్రమున మురుగు వాయువుతో విద్యుత్తు తీయ నారంభించెను. మదరాసు నగరపు శుద్ధి కేంద్రములలోను వాయువు ఇంజనులు పెట్టి, కేంద్రములకు కావలసిన కరెంటును చాలవరకు అక్కడనే తీయుచున్నారు. హైదరాబాదులో మూసీ ఒడ్డున దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయు అంబర్‌పేట కేంద్రమును వాయువు పుట్టించు పద్ధతిలోనే కట్టిరి.

మన పట్టణముల లెక్క

ఒక మనిషి మురుగునుండి దినమునకు 15 లీటర్ల వాయువు వచ్చునని తక్కువగానే లెక్కించెదము. ఒక ఘనపు మీటరు, అనగా వెయ్యి లీటర్ల వాయువునకు ఒకటిన్నర నుండి రెండు యూనిట్ల కరెంటు వచ్చును. 2011 జనాభా లెక్కలనుబట్టి, ఇండ్లన్నియు భూగర్భ మురుగు కాలువకు కలిసినవనుకొన్నచో దినమునకు రాగల వాయువు ఇది:

ప్రొద్దుటూరు - జనాభా సుమారు 1,60,000 - వాయువు 2,400 ఘనపు మీటర్లు - కరెంటు 3,600 నుండి 4,800 యూనిట్లు.

పులివెందుల - జనాభా సుమారు 65,000 - వాయువు 975 ఘనపు మీటర్లు - కరెంటు 1,460 నుండి 1,950 యూనిట్లు.

జమ్మలమడుగు - జనాభా సుమారు 46,000 - వాయువు 690 ఘనపు మీటర్లు - కరెంటు 1,035 నుండి 1,380 యూనిట్లు.

ఈ అంకెలను చూచి మురిసిపోరాదు, చిన్నచూపును చూడరాదు. ముద్దనూరు దాపున బొగ్గు కాల్చు రాయలసీమ థర్మల్ కేంద్రపు శక్తి 1,650 మెగావాట్లు. ప్రొద్దుటూరు మురుగు వాయువు అంతయు కలిసి 0.2 మెగావాటునకు మించదు. దీనితో ఊరికి దీపములు వెలుగవు. అయితే తలకు 135 లీటర్ల నీరు ఇచ్చి, అందులో నూటికి 80 పాళ్లు మురుగగునని లెక్కించిన, ప్రొద్దుటూరు మురుగు దినమునకు 1 కోటి 70 లక్షల లీటర్లు. గాలి నూదు పద్ధతిలో దీనిని శుద్ధిచేయుటకు సుమారు 3,400 నుండి 5,100 యూనిట్లు కావలెను. అనగా శుద్ధి కేంద్రము తనకు కావలసిన కరెంటులో అధిక భాగమును తన మడ్డినుండియే సంపాదించుకొనగలదు. కరెంటు బిల్లు కట్టలేక శుద్ధి యంత్రములను ఆపివేయు పట్టణమునకు ఇది స్వల్పమైన మేలు కాదు. యంత్రము ఆగిన నాడు శుద్ధికాని మురుగు పారునది దిగువనున్న రైతుల బావుల వైపునకే గదా!

చిన్న పట్టణములలో మురుగు మడ్డి ఒక్కటే చాలదు. సెప్టిక్ ట్యాంకులనుండి తీసిన మడ్డి అప్పటికే చాలవరకు కుళ్లియుండును గనుక దానినుండి వాయువు తక్కువ వచ్చును. దానికి తోడుగా మార్కెటు కసవు, పశువుల పేడ, పులివెందుల వంటి చోట్ల చెడిపోయిన అరటిపండ్లు కలిపినచో వాయువు పెరుగును.

మిగిలిన మడ్డిలో ఏమున్నది?

వాయువుగా పోవునది ముఖ్యముగా కర్బనము. నత్రజని, భాస్వరము తొట్టిలోనే నిలుచును. ఎండబెట్టునప్పుడు మాత్రము కొంత నత్రజని ఆవిరియగును. ఎండిన మడ్డిలో సుమారుగా నూటికి 2 నుండి 3 పాళ్ల నత్రజని, దాదాపు అంతే భాస్వరము ఉండును. పొటాషు అర పాలునకు మించదు. కారణమేమన పొటాషు నీటిలో కరగి నీటితోనే పోవును. కావున పొటాషు మిక్కుటముగా కోరు అరటి తోటకు ఈ ఎరువు వేసిన రైతు పొటాషును వేరుగా వేయక తప్పదు. సేంద్రియ పదార్థము తక్కువగానున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడులలో ఈ ఎరువు నేలను గుల్లపరచి తేమను నిలుపును.

రెండు ప్రమాదములు

మొదటిది, రోగక్రిములు. నులిపురుగుల గ్రుడ్లు 35 డిగ్రీల తొట్టిలో చావవు. మడ్డిని కసవుతో కలిపి కుప్పవేసి, కుప్ప లోపల 55 డిగ్రీల వేడి 15 దినములకు తగ్గకుండ నిలుచునట్లు చూచి, ఆ కాలములో కనీసము ఐదుమార్లు తిరుగవేయవలెను. సెప్టిక్ ట్యాంకరును తిన్నగా చేనిలో ఒంపించుకొనుట ఊరకే వచ్చు ఎరువని తోచినను, దాని వెల కూలివారి కడుపులోను, పిల్లల ఆరోగ్యములోను చెల్లింపబడును.

రెండవది, లోహములు. ఇవి కుళ్లవు, కాలవు, ఎండవు. ఒకసారి నేలలో చేరిన మరల తీయుట సాధ్యము కాదు. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. నగల పనిలో ఆమ్లములు, రాగి వాడుదురు. కాడ్మియం కలిసిన టంకము వాడుకయు దేశములో చాలకాలము సాగినది. ఇట్టి కడుగునీరు మురుగులో కలిసిన యెడల లోహములు మడ్డిలోనే పేరుకొనును. ఆమ్లములు వాయువు పుట్టించు జీవులను చంపును. కావున నగల పనివారి కడుగునీటిని ఊరి మురుగులో కలుపకుండ వేరుచేయుట వాయువునకును, ఎరువునకును మేలు.

సేంద్రియ ఎరువునకు ప్రభుత్వ నియమములలో కిలోకు అనుమతింపబడిన గరిష్ఠ పరిమితులు మిల్లీగ్రాములలో ఇవి: కాడ్మియం 5, సీసము 100, నికెలు 50, క్రోమియం 50, రాగి 300, జింకు 1,000. ఇంతకు మించిన మడ్డిని ఎంత చవుకగా ఇచ్చినను తీసికొనరాదు. అట్టి మడ్డికి ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు సిమెంటు బట్టీల వంటివి తగిన చోటు. ఎండిన మడ్డి నాసిబొగ్గుకంటె కొంచెము తక్కువ వేడి నిచ్చును. దాని బూడిద సిమెంటులోనే కలిసిపోవును.

రైతులు పాటించవలసినవి

1. మడ్డి ఎరువు తీసికొనుటకు ముందు ఆ దఫా సరకునకు చేసిన లోహముల పరీక్ష పత్రమును అడిగి చూడవలెను.

2. ఎకరమునకు ఎండిన ఎరువు 2 టన్నులకు మించకుండ వేసవి దుక్కిలో వేసి కలియదున్నవలెను. ఏటేట అదే చేనికి వేయరాదు. భూసార పరీక్ష చేయించి, తరువాతనే మరల వేయవలెను.

3. పత్తి, ఆముదము, జొన్న వంటి పైర్లకు వాడవచ్చును. ఆకుకూరలకు, ఉల్లి, వేరుశనగ, పసుపు వంటి నేలలో ఊరు పంటలకు వాడరాదు.

4. చల్లునప్పుడు చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండవలెను. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను.

5. వాయువు తొట్టిలోనికి గాని, సెప్టిక్ ట్యాంకులోనికి గాని, మురుగు గుంతలోనికి గాని ఎవరును దిగరాదు, ఎవరిని దింపరాదు. పడిపోయినవానిని తీయుటకు వెంటనే దిగినవాడును ప్రాణము పోగొట్టుకొనును. ఇట్లు మనుష్యులను దింపి శుభ్రము చేయించుటను 2013 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది.

మన కొట్టములోని సంగతి

పట్టణము తన పని తాను చేసుకొనువరకు రైతు కాచుకొని యుండ నక్కరలేదు. ఒక ఎనుము దినమునకు వేయు 12 కిలోల పేడనుండి దాదాపు 480 లీటర్ల వాయువు వచ్చును. పై లెక్క చొప్పున ఇది 32 మంది పట్టణవాసుల మురుగుతో సమానము. నాలుగైదు పశువులున్న ఇంటిలో 50 కిలోల పేడకు అంతే నీరు కలిపి పోసిన, 2 ఘనపు మీటర్ల వాయువు వచ్చి వంటకు దాదాపు 7 కిలోల కట్టెలు మిగులును. ఇంటి మరుగుదొడ్డిని కూడ దీనికే కలుపవచ్చును. అట్లు కలిపిన తొట్టినుండి వచ్చు ఎరువునకు పై జాగ్రత్తలన్నియు వర్తించును.

పేడను పిడకలు చేసి కాల్చినచో మంట దక్కును గాని ఎరువు దక్కదు. తిన్నగా దిబ్బలో వేసిన ఎరువు దక్కును గాని మంట దక్కదు. మూసిన తొట్టి ఒక్కటే రెంటిని ఇచ్చును. పట్టణపు మడ్డికిని ఇదే న్యాయము. దానిని అడుగు హక్కు పట్టణమునకు దిగువన సేద్యము చేయు రైతులకు కలదు. పరీక్షించిన ఎరువును మాత్రమే ఇమ్మని అడుగుట వారి బాధ్యతయు నైయున్నది.